సీటు కాస్త ఎగిరితే చాలు, గడ్డి కోసే బండి ఆగిపోతోంది. వైర్లు కలిపేయమంటున్నారు, కలపవచ్చా?

కరకట్ట కాపరి
తాడేపల్లి వైపు ఒక కల్యాణ మండపంలో పచ్చిక, మొక్కల పని నేను చూస్తాను. పచ్చికే మూడెకరాల పైన ఉంటుంది. ఇన్నాళ్లూ తోసుకుంటూ నడిచే మిషన్లతోనే నెట్టుకొచ్చాం. ఈ మధ్య ఓనరు గారు కూర్చుని నడిపే బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. స్టీరింగ్ ఉన్న రకం, కింద బ్లేడును కప్పి ఉండే డెక్కు వెడల్పు 42 అంగుళాలు. కోత బాగానే ఉంది, తలనొప్పల్లా వేరే. చదునుగా ఉన్నచోట సరే, గతుకు వచ్చి సీటు ఎగిరితే ఇంజను టప్పున ఆగిపోతుంది. బ్లేడు తిరుగుతుండగా రివర్స్ వేసినా అంతే. మండపం వెనక కాలువ గట్టు ఉంది. దాని మీదకు ఎక్కిస్తే మరీ ఘోరం, నాలుగు గజాలు పోతే ఆగుతుంది.

మెకానిక్‌ను పిలిస్తే సీటు కింద స్విచ్ చూపించి, ఈ రెండు వైర్లు కలిపేస్తే పీడ వదులుతుంది అన్నాడు. ఓనరు గారు కూడా కలిపేయమంటున్నారు. శ్రావణం ముహూర్తాల లోపు తేల్చాలి. నాకెందుకో మనసొప్పడం లేదు. ఇలాంటి బండి నడిపినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఆటోనగర్ స్పానర్
కలిపేయండి. ఆ స్విచ్చులన్నీ విదేశాల్లో కోర్టు కేసులకు భయపడి పెట్టినవి. మన పాత ట్రాక్టర్లకు సీటు స్విచ్ ఉందా? రోటవేటరు తగిలించి రాత్రంతా దున్నడం లేదా?

పట్టాభిపురం పద్మ
రోటవేటరులో పడి కాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు మీ ఇంటికి వచ్చే పేపర్లో వేయరా స్పానర్ గారూ?

గుంటూరు ఘాటు
కాపరి గారూ, ముందు ఒక్క ప్రశ్న. నడిపే మనిషి బరువెంత?

కరకట్ట కాపరి
బండి నడిపే కుర్రాడు సన్నగా ఉంటాడు. యాభై కిలోలు కూడా ఉండడేమో. ఎందుకు?

గుంటూరు ఘాటు
అయితే స్విచ్ మార్చవద్దు. మండపంలో మిగిలిన పులిహోర, బూరెలు ఓ నెల రోజులు పెట్టండి. రోగం దానంతటదే కుదురుతుంది.

పచ్చికబయలు
ఘాటు గారు నవ్వులాటకు అన్నా అందులో సగం నిజం ఉంది. నంబూరు దగ్గర ఒక కళాశాల ఆవరణలో చాలా ఏళ్లుగా ఇలాంటి బండ్లే నడిపిస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీరు చెప్పినవి రెండు వేర్వేరు సంగతులు. ఒకటి జబ్బు, రెండోది జబ్బు కాదు. బ్లేడు తిరుగుతుండగా రివర్స్ వేస్తే ఇంజను ఆగిపోవడం చాలా బండ్లలో కావాలని పెట్టినదే. సీటు మీద కూర్చున్నవాడికి బండి వెనక ఆనుకుని ఉన్న చిన్నపిల్లాడు కనిపించడు. కొన్ని మోడళ్లలో తాళం చెవిని ఇంకో గుర్తు మీదకు తిప్పితే రివర్స్‌లోనూ కోయనిస్తుంది. మీ బండి తాళం చుట్టూ రెండు రంగులో రెండు బొమ్మలో ఉన్నాయేమో చూడండి. ఉన్నా సరే, వీలైనంత వరకు బ్లేడు ఆపి, మెడ తిప్పి వెనక్కి, కిందికి చూసి, ఆ తర్వాతే వెనక్కి రావాలి.

సీటు సంగతికి వస్తే, బ్లేడు తిరుగుతుండగానో బ్రేకు వేయకుండానో మనిషి సీటు మీద నుంచి లేస్తే ఇంజను ఆపేయడం ఆ స్విచ్ పని. మనిషి కూర్చునే ఉన్నప్పుడు గతుక్కి ఆగుతోందంటే స్విచ్‌కు మనిషి ఉన్న సంగతి సరిగా తెలియడం లేదన్నమాట. సీటు ఎత్తి చూడండి. స్ప్రింగు బిగుతుగా ఉందా, స్విచ్ బిగించిన రేకు వంగిందా, వైర్ల సాకెట్ వదులైందా. కొన్ని సీట్లలో మనిషి బరువును బట్టి స్ప్రింగు సర్దుకునే ఏర్పాటు ఉంటుంది. మునుపటి యజమాని భారీ మనిషి అయితే అది ఆయనకు తగ్గట్టు బిగించి ఉండవచ్చు.

ఒక పరీక్ష చెబుతాను. బ్లేడు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను నడుస్తుండగా దిగండి. చాలా బండ్లలో అప్పుడు ఇంజను ఆగకూడదు. అప్పుడు కూడా ఆగితే తేడా సీటు దగ్గర కాదు, బ్రేకు స్విచ్ దగ్గర వెతకాలి.

ఆటోనగర్ స్పానర్
ఇన్ని పరీక్షలు చేసి మల్టీమీటరు పట్టుకుని కూర్చునేసరికి పెళ్లివారు మేళంతో సహా దిగుతారు.

కృష్ణలంక కిట్టు
మాకు తెలిసిన ఒక వెంచర్‌లో సీటు మీద ఇటుక పెట్టి తాడుతో కట్టారు. మనిషి దిగినా బండి ఆగదు. దిగి, అడ్డొచ్చిన కొబ్బరిమట్ట తీసి, మళ్లీ ఎక్కుతాడు. సమయం కలిసొస్తుందట.

విశ్రాంత ఏఈ
ఆ ఇటుక కట్టిన తాడు తెగి బెల్టులో పడినా చాలు కిట్టూ. మనిషి జారి పడితే చెప్పనక్కరలేదు.

బ్లేడు వేగం గురించి చాలామందికి అంచనా ఉండదు. బ్లేడు కొస నిమిషానికి 19,000 అడుగులు మించి తిరగకూడదని అమెరికా ప్రమాణం హద్దు పెట్టింది. మన లెక్కలో గంటకు సుమారు 347 కిలోమీటర్లు. బ్లేడు స్విచ్ ఆపాక 5 సెకన్లలోపు అది పూర్తిగా నిలిచిపోవాలని కూర్చుని నడిపే బండ్లకు నియమం. తోసుకునే మిషన్లకైతే పిడి వదిలాక 3 సెకన్లే గడువు. అది 1982 నుంచి అక్కడ అమల్లో ఉంది. సీటు నుంచి జారిన మనిషి కింద పడటానికి సెకను కూడా పట్టదు. ఇంజను కూడా ఆగకపోతే ఆ బ్లేడు తిరుగుతూనే ఉంటుంది, బండి కూడా ముందుకు పోతూనే ఉంటుంది.

ఇంతకీ కాపరి గారూ, నాకు స్విచ్ కంటే మీ కాలువ గట్టు మీదే ఎక్కువ భయంగా ఉంది. వాలు ఎంత ఉంటుంది?

కరకట్ట కాపరి
కొలవలేదు సార్. మనిషి వంగి ఎక్కాలి. గొడుగు ఊతంగా పట్టుకుంటే మా ఓనరు గారు కూడా ఎక్కేస్తారు.

విశ్రాంత ఏఈ
కాలువ గట్లకు సాధారణంగా రెండుకు ఒకటి వాలు ఇస్తాం. రెండడుగులు పక్కకు పోతే ఒక అడుగు ఎత్తు. డిగ్రీల్లో 26 పైమాటే. కొన్నిచోట్ల ఒకటిన్నరకు ఒకటి కూడా ఉంటుంది, అది 33 దాటుతుంది. మీ బండి పుస్తకం తెరిచి చూడండి, ఈ రకం బండ్లకు 15 డిగ్రీలకు మించిన వాలు వద్దని రాసి ఉంటుంది. 100 అడుగుల దూరంలో 27 అడుగుల ఎత్తు పెరిగితే 15 డిగ్రీలు. ఫోన్లో వాలు కొలిచే ఆప్ ఉంటుంది. ఓ పలకను గడ్డి మీద పరిచి దాని మీద ఫోను పెట్టి చూడండి. అనుమానం వస్తే కోయవద్దు.

15 లోపు ఉన్న వాలు మీద కూడా స్టీరింగ్ బండిని పైకీ కిందికీ నిలువుగానే నడపాలి, అడ్డంగా కాదు. అడ్డంగా పోతే పక్కకు దొర్లుతుంది. తోసుకునే మిషన్‌కు మాత్రం దీనికి తలకిందులు. అక్కడ అడ్డంగానే పోవాలి, లేకపోతే కాలు జారి మిషన్ మన మీదకే వస్తుంది. రెండింటినీ కలిపి గందరగోళపడేవాళ్లను చాలామందిని చూశాను. వాలు మధ్యలో ఆపడం, గేరు మార్చడం, ఒక్కసారిగా మలుపు తిప్పడం కూడదు. న్యూట్రల్‌లో కిందికి జారవిడవడం అసలే కూడదు.

నీటి అంచు సంగతి ఇంకా ముఖ్యం. గట్టు పైన చదును ఉన్నా, అంచుకు కనీసం రెండు బండ్ల వెడల్పు దూరం వదలాలి. మనది నల్లరేగడి. ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది, వానాకాలంలో మెత్తబడి అంచు విరిగిపోతుంది. ఎలుక బొరియలు సరేసరి. బండి బోర్లాపడి కాలువలో పడితే కింద చిక్కుకున్న మనిషికి మోకాలి లోతు నీళ్లు చాలు.

ఇంకొక మాట. ఆ గట్టు సాగునీటి శాఖది. మీ ఓనరు గారు దాన్ని తన పచ్చికలో కలిపేసుకుంటే అది వేరే చర్చ, అక్కడ నేను వేరేగా మాట్లాడతాను.

గుంటూరు ఘాటు
ఏఈ గారికి పెన్షన్ వస్తున్నా గట్టు మీద కన్ను మాత్రం పోలేదు.

బందరు రోడ్డు
స్టీరింగ్ లేకుండా రెండు లీవర్లతో నడిచే బండి తీసుకుని ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, చెట్ల చుట్టూ కోత ఇట్టే అయిపోతుంది.

పచ్చికబయలు
చెట్ల చుట్టూ సరే. వాలు మీద ఆ రకమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ముందు చక్రాలు కుర్చీ చక్రాల్లా ఎటు తోస్తే అటు తిరిగేవే, వాటికి స్టీరింగూ లేదు, బ్రేకూ లేదు. దిశ, వేగం, ఆగడం అంతా వెనక చక్రాలతోనే. తడిగడ్డి మీద వెనక చక్రాలు పట్టు తప్పితే మూడూ ఒకేసారి పోతాయి. మా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. లీవర్ల బండి మైదానానికే, వాలు వైపు పోనివ్వం.

బోల్తాపడితే మనిషిని కాపాడటానికి వెనక నిలువుగా ఇనుప కమ్మీ ఉన్న బండి అయితే, ఆ కమ్మీ ఎత్తి ఉన్నంతసేపూ సీటు బెల్టు పెట్టుకోవాలి. కమ్మీ మడిచినప్పుడు, అసలు లేనప్పుడు బెల్టు పెట్టకూడదు. బండి బోల్తాపడితే బెల్టు మనిషిని దాని కిందే కట్టి ఉంచుతుంది.

ఆటోనగర్ స్పానర్
గట్టు విషయంలో ఏఈ గారితో నేనూ ఏకీభవిస్తాను. స్విచ్ విషయంలో కాదు. పనివాడికి జాగ్రత్త ఉంటే చాలు.

పట్టాభిపురం పద్మ
పనివాడి జాగ్రత్త సంగతి చెబుతాను వినండి. మా బంధువులకు ఊరి బయట తోట ఉంది. అక్కడా మీలాంటి మెకానిక్కే స్విచ్ తీసేశాడు. డెక్కు దగ్గర గడ్డి ముద్ద కట్టి, విసిరే మూతి మూసుకుపోయింది. తోటమాలి అలవాటుగా దిగి, బ్లేడు ఆపడం మరిచి, బూటుతో ఆ ముద్దను తన్నాడు. బూటు ముందుభాగం కోసుకుపోయింది. బూటు ఒక సైజు పెద్దది కావడంతో వేళ్లు మిగిలాయి. ముప్పై ఏళ్లుగా చెట్ల మధ్యే బతికిన మనిషి అతను. జాగ్రత్త లేక కాదు, ఆ రోజు అప్పటికే చాలాసేపటి నుంచి ఎండలో ఉన్నాడు.

ఆటోనగర్ స్పానర్
నేను తీయలేదమ్మా ఆ స్విచ్.

పట్టాభిపురం పద్మ
మీరు తీశారని అనలేదు. తీయమని ఇక్కడ చెబుతున్నారు.

వేదిక నిర్వాహకుడు
ఇద్దరూ కాస్త నెమ్మది. కాపరి గారి బండి గురించే మాట్లాడుకుందాం.

పందిరి రాట
నేను షామియానా పని చేస్తాను, కాబట్టి మండపాల పచ్చికలో ఏమేం ఉంటాయో నాకు తెలుసు. రిసెప్షన్ అయ్యాక రాత్రి రెండు గంటలకు పందిరి విప్పే కుర్రాళ్లు మేకులు లెక్కపెట్టుకుంటారా? సగం గడ్డిలోనే ఉంటాయి. జానెడు మేకులు, బైండింగ్ వైరు, పూలదండల్లోని సన్న తీగ, గుండుసూదులు, సీరియల్ లైట్ల ముక్కలు, సీసా మూతలు. బ్లేడుకు మేకు తగిలితే అది ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ఒకచోట కారు అద్దం పోయింది. కారు కాబట్టి సరిపోయింది.

కరకట్ట కాపరి
ఇది మాకు నిత్యం ఉన్న బాధే. నడుచుకుంటూ ఏరిస్తాను. అయినా మిగులుతాయి.

పందిరి రాట
పాత లౌడ్ స్పీకర్ల అయస్కాంతాలు తీసుకోండి. నాలుగైదు వరసగా ఒక చెక్కకు బిగించి, తాడు కట్టి, కోతకు ముందు పచ్చిక మీద లాగించండి. ఇనుము అంతా అతుక్కుంటుంది. రాగి వైరు, గాజు, కంకర అతుక్కోవు, వాటికి కళ్లే గతి. రెండోది, షామియానా వాళ్లకు మేకులు లెక్క రాసి అప్పగించండి, తక్కువైతే బిల్లులో కోయండి. మా వృత్తికి నేనే గొయ్యి తవ్వుతున్నాను గానీ, పని చేసేది అదొక్కటే.

పచ్చికబయలు
గడ్డి విసిరే మూతి మీద ఉండే ప్లాస్టిక్ కప్పును కూడా కొందరు అడ్డంగా ఉందని తీసేస్తారు. మీ సెకండ్ హ్యాండ్ బండికి అది ఉందో లేదో చూడండి. లేకపోతే అది బిగించేదాకా కోత వద్దు. కోసేటప్పుడు మూతి ఎప్పుడూ ఇదివరకే కోసిన వైపుకు ఉండాలి. మనుషులు, కార్లు, గాజు తలుపుల వైపు ఉండకూడదు. కంకర దారి దాటేటప్పుడు బ్లేడు ఆపి, డెక్కు ఎత్తి దాటాలి.

కృష్ణలంక కిట్టు
కాలువ పక్కన అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను, పాముల మాటేమిటి?

కరకట్ట కాపరి
కనిపిస్తాయి. జెర్రిపోతులు ఎక్కువ, అప్పుడప్పుడు రక్తపింజర.

కృష్ణలంక కిట్టు
జెర్రిపోతు చప్పుడుకే పారిపోతుంది. రక్తపింజరతోనే చిక్కు, అది తొందరగా కదలదు, పడి ఉంటుంది. మోకాలెత్తు పెరిగినచోట నేరుగా బండి ఎక్కించకండి. ముందు భుజాన తగిలించుకునే బ్రష్ కట్టరుతో బయటి నుంచి లోపలికి కాక, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కోసుకుంటూ పోతే వాటికి పారిపోయే దారి మిగులుతుంది. గమ్ బూట్లు తప్పనిసరి.

పట్టాభిపురం పద్మ
బూట్ల మాట వచ్చింది కాబట్టి, బట్టల మాట కూడా. లుంగీ కట్టి, మెడలో తువ్వాలు వేసుకుని బండెక్కేవాళ్లను చూస్తుంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది. బెల్టులు, పుల్లీలు కాళ్ల దగ్గరే తిరుగుతుంటాయి. ప్యాంటు, కళ్లకు అద్దాలు, చెవులకు మఫ్. చెవుల్లో పాటలు పెట్టుకుంటే లాభం లేదు, ఎవరైనా అరిచినా వినపడదు, చెవులకు రెండు చప్పుళ్లు తోడవుతాయి. 85 డెసిబెల్స్ పైన రోజంతా ఉంటే వినికిడి దెబ్బతింటుంది, ఈ బండ్ల చప్పుడు మామూలుగా అంతకు ఎక్కువే.

పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పడం కూడా ఆపించండి. ఒకసారి ఎక్కిన పిల్లాడు మరోసారి బండి చప్పుడు వినగానే పరుగెత్తుకొస్తాడు. 16 ఏళ్లు నిండనివాళ్లు ఈ బండి నడపకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. తోసుకునే మిషన్‌కు 12 ఏళ్లు.

కరకట్ట కాపరి
పద్మ గారూ, మీకెలా తెలిసిందో గానీ ఓనరు గారి మనవడికి ఆదివారం వస్తే అదే పని.

బందరు రోడ్డు
మా బండి వేరే జబ్బు చెబుతాను. నెల రోజులు కదపకుండా ఉంచి స్టార్ట్ చేస్తే ఊపిరాడనట్టు ఎగసిపడుతుంది. ఒకసారి రేజ్ అవుతుంది, ఒకసారి పడిపోతుంది. చోక్ సగం లాగితే నిలబడుతుంది.

ఆటోనగర్ స్పానర్
ఇది నా ఖాతా. కార్బురేటరులో సన్నటి రంధ్రం మూసుకుపోయింది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఈ చిన్న ఇంజన్లకు తయారీదార్లు ఇచ్చే పుస్తకాల్లో చాలా వరకు 10 శాతం దాటవద్దని ఉంటుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నిలవ ఉంటే అడుగున నీరు చేరుతుంది, పాత రబ్బరు పైపులు, వాషర్లు పాడవుతాయి. కదపని బండిలో పెట్రోలు ఉంచవద్దు. ట్యాంకు కుళాయి మూసి, కార్బురేటరులో ఉన్నది అయిపోయేదాకా నడిపించి ఆపండి. కొనేది కూడా పది పదిహేను రోజులకు సరిపడా కొనండి, పీపాల్లో నిలవ పెట్టవద్దు.

ఇంజను వేడిగా ఉండగా పెట్రోలు పోయడం, షెడ్డులో పోయడం రెండూ వద్దు. బంకులో క్యాను నింపేటప్పుడు ఆటోలో పెట్టి కాదు, నేల మీద పెట్టి నింపాలి, నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంటుంది.

పట్టాభిపురం పద్మ
స్పానర్ గారూ, ఇంత జాగ్రత్త తెలిసినవారు స్విచ్ దగ్గర ఎందుకు మొండికేస్తున్నారో అర్థం కావడం లేదు.

ఆటోనగర్ స్పానర్
గిరాకీలు బేరమాడే తీరు చూస్తే అర్థమవుతుందమ్మా. కొత్త స్విచ్ వేస్తానంటే ఎవరూ డబ్బు ఇవ్వరు. వైరు కలిపితే టీ తాగించి పంపిస్తారు. సరే, ఒక మాట ఒప్పుకుంటాను. జబ్బు ఎక్కడుందో తెలుసుకోవడానికి, బ్లేడు ఆపి, బండి కదలకుండా ఒక్క నిమిషం కలిపి చూడటం వేరు. కలిపి టేపు చుట్టి పంపడం వేరు. ఇంకొకటి, కొన్ని మోడళ్లలో స్విచ్ తీరు తిరగేసి ఉంటుంది, వైర్లు కలిపితేనే ఇంజను ఆగుతుంది. తెలియకుండా కలిపితే ఇంకో రోజు దండగ.

పచ్చికబయలు
స్పానర్ గారు బ్లేడు వెల్డింగ్ కూడా చేస్తారా?

ఆటోనగర్ స్పానర్
చేయను. సాన పడతాను. వంగిన బ్లేడును సుత్తితో సరిచేయడం, పగిలినదాన్ని అతకడం నా దగ్గర జరగదు. ఆ వేగంలో ముక్క ఊడితే తూటానే. సాన పట్టాక నడుమ రంధ్రానికి మేకు గుచ్చి వేలాడదీస్తాను. ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క ఇంకాస్త అరగదీయాలి. తూకం తప్పితే బండి అదిరి స్పిండిల్ బేరింగులు పోతాయి. బ్లేడు విప్పేముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకు దూరకూడదు, దిమ్మలు పెట్టాలి.

విశ్రాంత ఏఈ
ఈ పోస్టుకు నా నమస్కారం.

పాడి గేదె
కోసిన గడ్డిని ఏం చేస్తున్నారు? మా పాకకు పంపితే గేదెలు తింటాయి.

పందిరి రాట
నా పోస్టు చదివాకా?

పాడి గేదె
చదివాను, అందుకే నాలిక కరుచుకుంటున్నాను. గేదె నమలకుండా మింగుతుంది. సన్న తీగ, సూది రెండో పొట్టలో చేరి గుండె వైపు గుచ్చుకుంటుంది. మా ఊళ్లో పాలిచ్చే గేదె ఒకటి అలాగే పోయింది. కలుపు మందు కొట్టిన పచ్చిక అయితే అదో భయం. మండపం గడ్డి ఉచితంగా ఇచ్చినా వద్దు.

పచ్చికబయలు
పచ్చిక మీదే వదిలేయవచ్చు. సన్నగా కోసినంతవరకు అదే ఎరువు. పచ్చికకు ఏడాదికి కావలసిన నత్రజనిలో పావు వంతు దాకా తిరిగి ఇస్తుంది. కాకపోతే ముద్దలుగా పడకూడదు. అందుకు ఒకటే కిటుకు, ఉన్న ఎత్తులో మూడో వంతుకు మించి ఒక్క కోతలో తీయకూడదు. మూడంగుళాలు పెరిగితే రెండు అంగుళాల దగ్గర ఆపాలి. గరిక పచ్చిక అంగుళం నుంచి రెండు అంగుళాల మధ్య బాగుంటుంది. రోహిణి కార్తె ఎండల్లో కాస్త పెంచి ఉంచితే వేళ్లు మాడవు. పెళ్లికి రెండు రోజుల ముందు గుండు కొట్టినట్టు కోయమంటారు చూడండి, ఆ పచ్చదనం ఫోటోల నాటికి పసుపు పచ్చగా మారుతుంది.

ఇంజను మాత్రం పూర్తి వేగంలో ఉంచి, బండిని నెమ్మదిగా నడపాలి. చాలామంది పెట్రోలు ఆదా అనుకుని ఇంజను తగ్గించి బండిని పరుగెత్తిస్తారు. బ్లేడు వేగం తగ్గి గడ్డి తెగదు, చిరుగుతుంది. మర్నాటికి కొసలు తెల్లబడతాయి. గాలితో చల్లబడే ఇంజనుకు కూడా ఆ వేగం అవసరం. పైన రెక్కల మధ్య గడ్డి పొట్టు పేరుకుంటే మన బెజవాడ మే నెలలో ఇంజను పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. కోత అవగానే, చల్లారాక, బ్రష్షుతో దులిపించండి.

కోత మెట్లు మెట్లుగా వస్తుంటే ముందు టైర్ల గాలి చూడండి. ఎడమ కుడి సమానంగా లేకపోతే డెక్కు ఒరుగుతుంది. ఆ తర్వాతే డెక్కు మట్టం. బ్లేడు ముందు కొస వెనక కొస కంటే పావు అంగుళం లోపు కిందికి ఉండాలి.

బందరు రోడ్డు
నూనె ఏది పోయాలి? మోటారు సైకిలుదే పోస్తున్నాం.

ఆటోనగర్ స్పానర్
పుస్తకం ఏది చెబితే అది. ఈ ఇంజన్లలో చాలావాటికి మన ఎండలకు ఎస్ఏఈ 30 సరిపోతుంది. 10డబ్ల్యూ-30 పోస్తే వేడికి నూనె ఎక్కువ తాగుతుంది. కొత్త ఇంజను అయితే మొదటి 5 గంటలకే మార్చాలి, తర్వాత సుమారు 50 గంటలకోసారి. చదును మీద నిలిపి చూడాలి కొలత.

పందిరి రాట
సర్వీసు ఆషాఢంలో పెట్టుకోండి. ముహూర్తాలుండవు, మెకానిక్కులూ ఖాళీగా దొరుకుతారు.

విశ్రాంత ఏఈ
2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఒక పచ్చిక మీద బురద మేట వేసింది. ఎండాక పైకి చదునుగా కనిపించింది. కింద విరిగిన సీసాలు, సైకిలు ఊచలు, చీరలు. వరద నీరు తాకిన పచ్చిక ఎవరిదైనా ఉంటే పార పట్టి తవ్వి చూశాకే బండి దించండి.

కరకట్ట కాపరి
నిన్న ఉదయం సీటు విప్పాం. స్విచ్ బాగానే ఉంది. దాని సాకెట్ లోపల ఒక పిన్ను మీద పచ్చటి చిలుము పట్టింది, ఇంకొకటి వెనక్కి జారిపోయి ఉంది. సీటు కుదిపినప్పుడల్లా అది తగిలీ తగలనట్టు ఆడుతోంది. పక్కనే వైరు మీద ఎలుక పళ్ల గుర్తులు. ఎలక్ట్రీషియన్ పిన్నులు రుద్ది, జారినదాన్ని లోపలికి నొక్కి, కొరికిన చోట కొత్త వైరు అతికి తొడుగు వేశాడు. సీటు స్ప్రింగు కూడా కుర్రాడి బరువుకు తగ్గట్టు వదులు చేశాం. గతుకుల మీద తిప్పి చూశాం, ఆగడం లేదు. సీటు మీద నుంచి లేస్తే మాత్రం ఆగుతోంది.

రివర్స్ సంగతి పచ్చికబయలు గారు చెప్పినట్టే, తాళం దగ్గర రెండో గుర్తు ఉంది. ఆ గుర్తు గురించి కుర్రాడికి చెప్పలేదు, బ్లేడు ఆపి వెనక్కి రావడమే నేర్పించాను.

గట్టు ఫోన్లో కొలిస్తే 25, 27 ఇలా చూపించింది. అక్కడ బ్రష్ కట్టరుకు ఇద్దరు మనుషులను పెట్టడానికి ఓనరు గారు గొణిగారు గానీ ఒప్పుకున్నారు. గట్టు సాగునీటి శాఖదని ఏఈ గారు అన్న మాట ఆయనకు చదివి వినిపించాక కొంచెం త్వరగా ఒప్పుకున్నారు.

గుంటూరు ఘాటు
పులిహోర మాత్రం ఆపకండి.

ఆటోనగర్ స్పానర్
ఆ పిన్నులకు కాస్త గ్రీజు రాయించండి. వానాకాలం మళ్లీ చిలుము పడుతుంది. ఎలుకలు మళ్లీ వస్తాయి కాబట్టి షెడ్డులో బండి పక్కన గడ్డి బస్తాలు పెట్టకండి.

ఇరవై సెంట్లు
చర్చ అంతా చదివాను. మాది గుంటూరు శివార్లలో ఇల్లు, చుట్టూ ఇరవై సెంట్ల పచ్చిక ఉంది. కూర్చుని నడిపేది కొనవచ్చా?

పచ్చికబయలు
లెక్క చూడండి. 42 అంగుళాల డెక్కు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పోతే, మలుపులూ ఒకదాని మీద ఒకటి వచ్చే కోతా పోను గంటకు సుమారు ఎకరం కోస్తుంది. మీ ఇరవై సెంట్లకు పావు గంట కూడా పట్టదు. ఆ పావు గంట కోసం బండి, షెడ్డు, బ్యాటరీ, బెల్టు, సర్వీసు. తోసుకునే మిషన్ కొనుక్కోండి, ఒంటికి కూడా మంచిది.

ఇరవై సెంట్లు
మా ఆవిడ కూడా అదే అంది. పోనీ, మా అన్నయ్య వాళ్ల బండికి బెల్టు తెగింది, ఆటోనగర్‌లో మామూలు వి-బెల్టు దొరుకుతుంది కదా, వేయవచ్చా?

ఆటోనగర్ స్పానర్
పంపుసెట్టు బెల్టు వేయవద్దు. డెక్కు బెల్టు వదులవుతూ బిగుస్తూ జారాలి, దానికి లోపలి దారాలు వేరే రకం. మామూలుది నాలుగు రోజుల్లో కాలి వాసన వస్తుంది. పాత బెల్టు ముక్కలైనా పారేయకుండా సంచిలో వేసుకుని తీసుకురమ్మనండి. ఫోటో పంపితే పొడవు, వెడల్పు తెలియవు.